ఫైలు కూడా తెలుగులోనే ఉండాలి

విజయవాడలోనో హైదరాబాద్‌లోనో ఏదైనా డీటీపీ సెంటర్‌లో అను ఫాంట్లతో కంపోజ్ చేసిన నవల ఫైలు తెరిపించండి. అందులోంచి ఒక పేరా కాపీ చేసి వాట్సాప్‌లో పెట్టండి. కథ కనిపించదు. ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు కలగలిసిన గజిబిజి కనిపిస్తుంది. కాగితం మీద అంత చక్కగా కనిపించే ఆ పుస్తకం కంప్యూటర్‌ లెక్కలో తెలుగే కాదు.

అన్ని భాషల అక్షరాలనూ కంప్యూటర్లు ఒకేలా గుర్తించేలా చేసే యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దక్కింది. మన పుస్తకాల్లో చాలావాటి కంపోజింగ్ మాత్రం ఇప్పటికీ యూనికోడ్ కాని అను ఫాంట్లతో, పేజ్‌మేకర్ అనే పాత సాఫ్ట్‌వేర్ మీదే నడుస్తోంది. దాని చివరి వెర్షన్ వచ్చింది 2001లో. బాధ కలిగించే సంగతి ఏమిటంటే, ఇవాళ రచయితలు చాలామంది రాసేది యూనికోడ్‌లోనే. ఫోన్లోనో లాప్‌టాప్‌లోనో టైపు చేసి మెయిల్ చేస్తారు. సెంటర్‌లో దాన్ని కన్వర్టర్‌లో వేసి అనులోకి మారుస్తారు. కొన్ని వత్తులు జారిపోతాయి, పొల్లులు చెదిరిపోతాయి. మొదటి ప్రూఫు, రెండో ప్రూఫు అన్నీ ఆ అను ఫైలు మీదే దిద్దుతారు. చివరికి తప్పులున్న ప్రతి యూనికోడ్‌లో, దిద్దిన ప్రతి అనులో మిగులుతాయి. మలి ముద్రణ నాటికి సెంటర్‌లోని హార్డ్‌డిస్క్ పాడైతే మళ్లీ మొదటి పేజీ నుంచి దిద్దుబాటే.

2016 డిసెంబరులో అమెజాన్ ఐదు భారతీయ భాషల్లో కిండిల్ పుస్తకాలు మొదలుపెట్టింది. హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం. తెలుగు లేదు. ఆ సంస్థను నిందించడం తేలికే. కానీ ఆ రోజు మన ప్రచురణకర్తలను యూనికోడ్ ఫైళ్లు అడిగి ఉంటే ఎంతమంది ఇవ్వగలిగేవారు? ఈబుక్ పేరుతో మనకు తరచూ చేరేది పేజీని ఫొటో తీసినట్టుండే పీడీఎఫ్. ఫోన్లో అక్షరం పెద్దది చేస్తే వాక్యం తెర దాటిపోతుంది.

ఈ లోపం అందరికన్నా బరువుగా పడేది చూపులేని పాఠకుల మీద. వారి కోసం పుస్తకాన్ని అనువైన రూపంలోకి మార్చడానికి హక్కుదారు అనుమతి అక్కర్లేదని 2012లోనే కాపీరైట్ చట్టాన్ని సవరించారు. చూపులేనివారికి పుస్తకాలు అందేలా చూసే అంతర్జాతీయ మరకేష్ ఒప్పందాన్ని 2014లో అన్ని దేశాలకన్నా ముందు ఆమోదించింది మనమే. హక్కు వచ్చింది కానీ పుస్తకం చేతికి రాలేదు. తెర మీది అక్షరాలను చదివి వినిపించే స్క్రీన్‌రీడర్ అను ఫైలును చదవలేదు. బీఏ చదివే ఒక అంధ విద్యార్థి నవల చదవాలంటే ఎవరైనా కూర్చుని చదివి రికార్డు చేయాలి, లేదా స్కాన్ చేసి తప్పులు ఒక్కొక్కటే దిద్దాలి. అప్పటికే టైపై, ప్రూఫు చూసిన పుస్తకానికి ఈ శ్రమ మళ్లీ ఎందుకు? ఐరోపా సమాఖ్యలో అమ్మే ఈబుక్కులు వైకల్యమున్నవారికీ అందుబాటులో ఉండాలన్న చట్టం 2025 జూన్ 28 నుంచి అమల్లో ఉంది. మన దగ్గర ఆ ఆలోచనైనా మొదలుకావాలి.

యూనికోడ్‌లో మంచి అక్షరాలు లేవన్న మాటకు కాలం చెల్లింది. మండలి, రామభద్ర, సురవరం, గురజాడ ఖతులు ఉచితంగా దొరుకుతున్నాయి. పేజీలు కూర్చే ఇన్‌డిజైన్ సాఫ్ట్‌వేర్ యూనికోడ్ తెలుగును సరిగ్గానే కూరుస్తుంది. అసలు అడ్డంకి వేరే ఉంది. పేజీకి ఇంత అని కూలి తీసుకునే కంపోజర్ కొత్త సాఫ్ట్‌వేర్ నేర్చుకునే రోజుల్లో ఇల్లెలా గడుపుకోవాలి? ఆ భారం వారి మీద వేయకూడదు. ప్రచురణకర్తలు, ప్రభుత్వాలు పంచుకోవాలి.

ప్రజాధనంతో వెలువడే ప్రతి పుస్తకానికీ, గ్రంథాలయాలు కొనే ప్రతి కొత్త పుస్తకానికీ దిద్దిన యూనికోడ్ ఫైలు ఉండాలన్న షరతు రెండు తెలుగు రాష్ట్రాలూ వెంటనే పెట్టాలి. అకాడమీలు, విశ్వవిద్యాలయాలు తమ పాత ఫైళ్ల మార్పిడితో ఈ పని మొదలుపెట్టాలి. చివరి ప్రూఫు తర్వాత యూనికోడ్ ప్రతి తమకివ్వాలని రచయితలు ఒప్పందంలో రాయించుకోవాలి. ఏ పుస్తకం ఏ డిస్కులో ఉందో తెలిసిన కంపోజర్లు ఇంకా పనిలో ఉన్నారు. వారు ఉండగానే, వారికి తగిన కూలి ఇచ్చి, ఈ ఏడాదే ఆ ఫైళ్లు బయటికి తీయించాలి.