అటక మీది బంగారం

పాత మిక్సీ, చార్జర్ల చిక్కుముడి, అద్దం పగిలిన సెల్‌ఫోను... ఏ ఇంటి అటక మీద లేవు చెప్పండి? ఆ ఫోనులో రవ్వంత బంగారం ఉందంటే నమ్ముతారా?

2021లో టోక్యో ఒలింపిక్స్‌లో మన సింధు గెలిచిన కంచు పతకం అలాంటి సామాన్లు కరిగించి చేసిందేనండీ! 2017 ఏప్రిల్ నుంచి రెండేళ్లపాటు జపాన్‌లో 1,600కు పైగా మునిసిపాలిటీలు సుమారు 79 వేల టన్నుల పాత ఎలక్ట్రానిక్ సామాన్లు పోగుచేశాయి. దుకాణాల్లో జనం ఇచ్చిన 62 లక్షల సెల్‌ఫోన్లు దానికి తోడు. వాటిలోంచి 32 కిలోల బంగారం, 3,500 కిలోల వెండి తీశారు. సుమారు 5,000 పతకాలూ ఇలా వచ్చినవే.

మరి మనమో? నాలుగు రూపాయలకు పాతసామాన్ల బండికి వేసేస్తాం. ఆ తర్వాత ఎక్కడో రాగి కోసం వైర్లు కాలిస్తే, ఆ విషపు పొగ పీల్చేది అక్కడి ఆడవాళ్లూ, పసిపిల్లలూను.

2023 ఏప్రిల్ 1 నుంచి అమలైన నిబంధనల ప్రకారం చెత్తలో కలిసిన ఇలాంటి వాటిని వేరుచేసి, రిజిస్టరైన రీసైక్లింగ్ సంస్థలకు చేర్చాల్సింది మన మునిసిపాలిటీలే. కాబట్టి కూరగాయల తొక్కుతో కలపకుండా విడిగా సంచిలో ఉంచి, ఎక్కడ తీసుకుంటారో వార్డు ఆఫీసులో అడగండి. ఇచ్చేముందు ఫొటోలు చెరిపి, సిమ్ తీయడం మరవకండేం!