బడలిక రోడ్డు మీదే మొదలవుతుంది



విమాన ప్రయాణ బడలికపై గత సంచికలో వచ్చిన వ్యాసం బాగుంది. కానీ ఆ బడలిక విమానం తలుపు దగ్గరే మొదలవుతుందన్న వాదన సగం నిజమే. విమానం లోపల గాలి పీడనం 8 వేల అడుగుల కొండ మీది స్థాయి దాకా తగ్గవచ్చు. చేతిలోని చెకోడీల ప్యాకెట్ బూరెలా ఉబ్బినట్టే పొట్టలోని వాయువూ వ్యాకోచిస్తుంది. అది ఆకాశం పనే. కాళ్ల సిరల్లో రక్తం గడ్డకట్టడం మాత్రం అలాంటిది కాదు. నాలుగు గంటలు దాటిన ప్రయాణంతో ఆ ముప్పు దాదాపు రెట్టింపవుతుందనీ, కారు, బస్సు, రైలుకూ ఇదే వర్తిస్తుందనీ 2007లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అధ్యయనం తేల్చింది. అసలు దోషి కదలకుండా కూర్చోవడం.

కనుక విమానాశ్రయం దాకా కూర్చుని వెళ్లే దారీ లెక్కలోకి వస్తుంది; ఇది నగర ప్రణాళికకూ సంబంధించిన విషయం. 2008లో హైదరాబాద్ విమానాశ్రయం బేగంపేట నుంచి శంషాబాద్‌కు మారింది. పటాన్‌చెరు నుంచి అక్కడికి సుమారు 45 కిలోమీటర్లు, సంగారెడ్డి నుంచి ఇంకా ఎక్కువ. ఔటర్ రింగ్ రోడ్డు ఉందిగా అంటారు. ఉంది, కానీ అది కారున్నవారికి. కారు ఎంత వేగంగా వెళ్లినా మడిచిన మోకాలు మడిచినట్టే ఉంటుంది. ముప్పు ఆరు వేల మందిలో ఒకరికేననీ, విమానమెక్కే కొద్దిమంది కోసం ప్రజాధనం ఎందుకనీ అడగడం న్యాయమే. అయితే మెట్రో రెండో దశలో ప్రతిపాదించిన మియాపూర్–పటాన్‌చెరు మార్గం షిఫ్టు దిగే కార్మికుడికి రోజూ అక్కరకొస్తుంది. దాన్నే విమానాశ్రయ మార్గంతో సులువుగా కలిపితే ప్రయాణికుడు దారిలో లేచి నాలుగడుగులు వేయగలడు. ఒక ఖర్చుతో రెండు అవసరాలు తీరుతాయి.

— ఒక పాఠకుడు, పటాన్‌చెరు