సగం జీవితం స్నేహితుల దగ్గరే ఉంటుంది

మేడ్చల్ నుంచి శామీర్‌పేట దాకా ఏ కూడలిలో చూసినా ఫ్లెక్సీలే. పుట్టినరోజువి, పార్టీ పదవులవి, కాలేజీ అడ్మిషన్లవి. వాటి మధ్య అప్పుడప్పుడూ ఓ పదిహేడేళ్ల మొహం కనిపిస్తుంది. నల్ల కళ్లజోడు, బైకు మీద కూర్చుని దిగిన ఫొటో, కింద ‘అశ్రునివాళి’, ఆ కింద వరసగా మిత్రబృందం పేర్లు. దశదిన కర్మ దాటేసరికి ఎండకు రంగు వెలుస్తుంది, గాలికి ఓ మూల ఊడి వేలాడుతుంది, మరో వారానికి దాని మీదే ఇంకో ఫ్లెక్సీ ఎక్కుతుంది. ఆ కుర్రవాడు ఎవర్ని నవ్వించేవాడో, ఏం కావాలనుకున్నాడో ఆ ఫ్లెక్సీ మీద ఎక్కడా ఉండదు.

ఈ ప్రాంతానికి ఈ సంగతి మిగతా ఊళ్ల కంటే ఎక్కువ వర్తిస్తుంది. కండ్లకోయ, మైసమ్మగూడ, దుండిగల్, బాచుపల్లి... ఇదంతా కాలేజీల నేల, హాస్టళ్ల నేల. నల్లగొండ, ఖమ్మం, ఆదిలాబాద్ నుంచీ, సరిహద్దు దాటి శ్రీకాకుళం, కడప నుంచీ పిల్లలు పదిహేనో పదహారో ఏటనే ట్రంకు పెట్టెతో ఇక్కడ దిగుతారు. ఆ తర్వాత అమ్మానాన్నలకు దక్కేది ఆదివారం ఫోన్లూ, దసరా, సంక్రాంతి సెలవులూ. పిల్లవాడు మనిషిగా ఎదిగే ఏళ్లన్నీ రూమ్మేట్ల కళ్ల ముందే గడిచిపోతాయి. వాడికి ముద్దుపేరు పెట్టింది వాళ్లు. ఎవరి మెస్సు బిల్లు వాడు కట్టాడో, పరీక్ష ముందు రాత్రి ఎవరికి లెక్కలు చెప్పాడో తెలిసింది వాళ్లకే. జరగరానిది జరిగినప్పుడు తండ్రి బంధువుల్ని వెంటబెట్టుకుని వస్తాడు. పెట్టె, బకెట్టు, దుప్పటి, సగం రాసిన ల్యాబ్ రికార్డు సర్దుకుని బండెక్కుతాడు. కొడుకు జీవితంలో సగం మాత్రం ఆ గదిలోనే ఉండిపోతుంది.

ఇప్పటి మేడ్చల్–మల్కాజిగిరి జిల్లాలోని బాచుపల్లికి ఈ దుఃఖం గుంపుగా వచ్చింది. తెలంగాణ రాష్ట్రం ఏర్పడి వారమైనా కాలేదు. 2014 జూన్ 8 సాయంత్రం, హిమాచల్‌ప్రదేశ్ మండి జిల్లాలోని థలౌట్ దగ్గర వీఎన్‌ఆర్ విజ్ఞాన జ్యోతి ఇంజినీరింగ్ కాలేజీ విద్యార్థులు బస్సు దిగి బియాస్ నదిలోకి నడిచారు. నీళ్లు తక్కువగా ఉన్నాయి. రాళ్ల మీద నిలబడి ఫొటోలు తీసుకుంటున్నారు. ఎగువన లార్జి జలవిద్యుత్ ప్రాజెక్టు గేట్లు ఎత్తారు. తేరుకునేలోపే ప్రవాహం చుట్టుముట్టింది. 24 మంది విద్యార్థులు, వారితో వెళ్లిన టూర్ నిర్వాహకుడు కొట్టుకుపోయారు. మృతదేహాల కోసం వారాల తరబడి గాలించారు.

నాటి నుంచీ వాళ్లంతా మన నోట ‘బియాస్ మృతులు’ అయిపోయారు. ఏటా జూన్ వస్తే ఓ అంకె, ఓ గ్రూప్ ఫొటో. కానీ బతికి బయటపడ్డవాళ్లు ఆనాడే ఒక సంగతి చెప్పారు. ఆ విద్యార్థుల్లో ఒకడు ముందు పక్కవాళ్లను ఒడ్డుకు చేర్చాడని, మళ్లీ నీళ్లలోకి వెళ్లి తాను తిరిగి రాలేదని. అది ఇంట్లోవాళ్లు కళ్లారా చూడని సంగతి. స్నేహితులు నోరు విప్పబట్టే ఆ తల్లిదండ్రులకు తమ బిడ్డ చివరి నిమిషాలు తెలిశాయి. మిగతా ఇరవై ముగ్గురి గురించి కూడా అలా చెప్పగలిగినవాళ్లు ఉన్నారు. ఇప్పుడు వాళ్లకు ముప్పై ఏళ్లు దాటాయి. ఉద్యోగాల్లో, విదేశాల్లో ఉన్నారు.

పిల్లలు పోయినప్పుడు మన పెద్దవాళ్లు అనే మాటలు రెండు మూడే ఉంటాయి. ‘ఆయుష్షు అంతవరకే రాసిపెట్టి ఉంది.’ ‘వాడికి నూకలు చెల్లాయి.’ ఏడ్చే తల్లిని ఊరుకోబెట్టడానికి ఆ మాటలు పనికొస్తే సరే. కానీ బాధ్యత ఉన్నవాళ్లు కూడా అదే మాట చాటున దాక్కుంటారు. బియాస్ విషయంలో అలా సాగలేదు. హిమాచల్‌ప్రదేశ్ హైకోర్టు కేసును తనంతట తానే చేపట్టింది. 2016 జనవరిలో ఒక్కో కుటుంబానికి రూ.20 లక్షల పరిహారం ఇవ్వాలని తీర్పు చెప్పింది. అందులో విద్యుత్ బోర్డు వాటా 60 శాతం, కాలేజీ వాటా 30 శాతం, రాష్ట్ర ప్రభుత్వ వాటా 10 శాతం. ఆ డబ్బు ఏ కడుపుకోతకూ సరిపోదు. అయితే, గేట్లెత్తే ముందు కింద ఉన్నవాళ్లను హెచ్చరించాల్సింది ఎవరు, పిల్లల్ని నది దగ్గరికి తీసుకెళ్లినవాళ్లు ఏం చూసుకోవాలి అన్నవి తలరాతకు సంబంధించిన ప్రశ్నలు కావని ఆ తీర్పుతో తేలిపోయింది.

చావు తీరు మనిషినే మింగేయడం ఇంకో అన్యాయం. 2011 సెప్టెంబరు 11న పుప్పాలగూడ దగ్గర ఔటర్ రింగ్ రోడ్డుపై మాజీ క్రికెటర్ అజహరుద్దీన్ కుమారుడు అయాజుద్దీన్ బైకు ప్రమాదానికి గురయ్యాడు. వెనక కూర్చున్న పదహారేళ్ల బంధువు చనిపోయాడు. అయాజుద్దీన్ సెప్టెంబరు 16న ఆస్పత్రిలో కన్నుమూశాడు. వయసు 19. ఆ బైకు ఎన్ని సీసీలదో ఊరంతటికీ గుర్తుంది. అతను క్రికెటర్ కావాలని కష్టపడుతున్న కుర్రవాడన్నది మాత్రం ఎందరికి గుర్తుంది?

పోయిన పిల్లవాణ్ని మరిచిపోకపోవడం అంటే ఏమిటో కొందరు చేసి చూపించారు. ఢిల్లీలో 2007లో బడి నుంచి ఇంటికి వస్తున్న శివం అనే కుర్రవాణ్ని వాహనం ఢీకొట్టింది. దారినపోయేవాళ్లు చూస్తూ నిలబడ్డారే తప్ప చెయ్యి వెయ్యలేదు. అతని బంధువు పీయూష్ తివారీ మరుసటి ఏడాది సేవ్‌లైఫ్ ఫౌండేషన్ పెట్టి, సాయం చేసినవాళ్లను పోలీసులు, ఆస్పత్రులు వేధించకూడదని కోర్టుకెక్కాడు. 2016 మార్చిలో సుప్రీంకోర్టు అలాంటివాళ్లకు రక్షణ కల్పించే మార్గదర్శకాలకు చట్టబలం ఇచ్చింది. 2019 మోటారు వాహనాల చట్ట సవరణలోనూ ఆ రక్షణ చేరింది. ఈరోజు రాజీవ్ రహదారి మీద గాయపడినవాణ్ని ఆటోలో వేసుకుని ఆస్పత్రిలో దించిన మనిషి తన పేరు చెప్పనక్కర్లేదు, సాక్షిగా నిలబడనక్కర్లేదు. ఆ ధైర్యం వెనక ఉన్నది బడి పిల్లవాడు శివమే. అమెరికాలో తాగి కారు నడిపిన వ్యక్తి వల్ల పదమూడేళ్ల కూతుర్ని పోగొట్టుకున్న క్యాండీ లైట్‌నర్ 1980లో మొదలుపెట్టిన తల్లుల ఉద్యమం కూడా అక్కడి చట్టాల్ని కదిలించింది.

అందరూ ఉద్యమాలు నడపలేరు. అక్కర్లేదు కూడా. కన్నవాళ్ల ముందు బిడ్డ పేరెత్తితే గాయం రేగుతుందని మనవాళ్లకు ఓ జంకు. అందుకే సంవత్సరీకం దాటాక ఆ పేరే ఎత్తరు. గోడ మీది ఫొటోకు దండ మారుతుంది, మాట మాత్రం ఉండదు. ఆ జంకే తల్లిదండ్రుల్ని మరింత ఒంటరి చేస్తుంది. ‘అమ్మా, మీవాడు క్యాంటీన్లో మా అందరి టీ డబ్బులూ ఇచ్చేవాడు’ అని ఓ స్నేహితుడు వచ్చి చెబితే ఆమె ఏడుస్తుంది, నిజమే. అడక్కుండానే ఇంకో కప్పు టీ పోసి, ఇంకా చెప్పమని కూడా అడుగుతుంది.

కాబట్టి ఈ ప్రాంతంలోని కాలేజీలు రెండు నిమిషాల మౌనం, ఒకరోజు సెలవుతో చేతులు దులుపుకోకూడదు. విద్యార్థి చనిపోతే రూమ్మేట్లు, క్లాస్‌మేట్లు, పాఠం చెప్పిన మాస్టార్లు తలా ఒక పేజీ రాసి ఇంటికి అందించాలి. సర్టిఫికెట్లు, కట్టిన డిపాజిట్ కోసం ఆ తండ్రిని ఆఫీసు చుట్టూ తిప్పకుండా తామే పంపాలి. జిల్లా కలెక్టరేట్ కూడా దూరం కాదు, శామీర్‌పేట మండలం అంతాయిపల్లిలోనే ఉంది. చెరువుల దగ్గర లోతు చెప్పే బోర్డులు, కాలేజీల ముందు రోడ్డు దాటే చోట్లు సరిగా ఉన్నాయో లేదో ఏటా వర్షాలు పడకముందే అక్కడి అధికారులు తనిఖీ చేసి, ఆ నివేదికను అందరికీ కనిపించేలా పెట్టాలి. ఇక ఫ్లెక్సీ మీద పేరు వేయించుకున్న మిత్రబృందానికి ఒక మాట: ఈ సెలవుల్లో బస్సెక్కి ఆ ఊరు వెళ్లండి. మీ దగ్గరున్న ఫొటోలు, వాయిస్ మెసేజ్‌లు వాళ్లమ్మ ఫోన్లోకి ఎక్కించి రండి.