అలవాటు చేస్తే పోతుందా?

దీపావళి దగ్గరపడితే తమిళనాడులో మా కారియాపట్టి వైపు ఆటిజం ఉన్న పిల్లల తల్లులకు ఉచిత సలహాలు మొదలవుతాయి. "గదిలో పెట్టి తలుపేస్తే వాడి భయం ఎప్పుడు పోతుందమ్మా? వీధిలోకి తీసుకురా, పక్కన నాలుగు సరవెడి టపాసుల దండలు పేలితే అదే అలవాటవుతుంది." చెప్పేది మేనమామో, పెద్దత్తో, ఎదురింటి తాతో. అందరూ మేలు కోరేవాళ్లే. అందుకే ఈ మాటను కాదనడం కష్టం, కాదనక తప్పదు కూడా.

అలవాటు పనిచేస్తుందన్నది నిజమే. థెరపిస్టులూ ఒక్కోసారి ఆ దారినే వెళ్తారు. కానీ ఎలా వెళ్తారు? ముందు ఫోనులో సన్నటి చప్పుడు, దాన్ని తగ్గించే మీట పిల్లవాడి చేతిలోనే. ఇవాళ ఇంత, పై వారం మరికాస్త, వాడు చాలంటే అక్కడితో సరి. తెల్లవారుజామున నాలుగింటికి లక్ష్మీబాంబుతో నిద్రలేపడానికీ దీనికీ పోలికే లేదు. అలా లేచినవాడు నేర్చుకునేది ఒక్కటే: నిద్ర కూడా భద్రం కాదని.

"పొద్దస్తమానం పళ్లేలు తనే మోగిస్తాడు, వాడికి చప్పుడంటే భయమా?" అని ఇంకో ఎత్తిపొడుపు. దీనికి జవాబు పాతదే. అమెరికాలో లియో కానర్ అనే వైద్యుడు 1943లో 11 మంది పిల్లల గురించి రాసిన వ్యాసంతోనే ఆటిజం వైద్యుల దృష్టికి వచ్చింది. యంత్రాల రొదకు హడలిపోయే పిల్లలు తమంతట తాము అంత రొదా హాయిగా చేయగలరని ఆయన అందులోనే రాశాడు. పళ్లెం ఎప్పుడు మోగుతుందో మోగించేవాడికి తెలుసు. బాంబు ఎప్పుడు పేలుతుందో ఎదురింటివాడికే తెలుసు. అదీగాక కొందరు పిల్లలకు ఆ మోత చెవిలో నిజంగా నొప్పే.

పైగా దీపావళి పొద్దున మోత ఒక్కటే కాదు. రోజూ ఆరింటికి లేచేవాణ్ణి చీకట్లోనే లేపుతాం. నెత్తిన గోరువెచ్చని నూనె, కంట్లో పడే సీకాయ, మెడ దగ్గర గీరే లేబులుతో గంజి విడవని కొత్త చొక్కా. రోజూ తినే ఇడ్లీ స్థానంలో మరేదో పలహారం. "గంగాస్నానం అయిందా?" అంటూ వచ్చిన ప్రతి మామా బుగ్గ గిల్లుతాడు. ఇవన్నీ వేకువన రెండు గంటల్లో మీద పడ్డాక వాడు నేలమీద పడి ఏడిస్తే, మొండి అంటాం. ఆ చొక్కాను వారం ముందే రెండుసార్లు ఉతికి లేబులు కత్తిరించి ఉంటే, రేపు దేని తర్వాత ఏదో బొమ్మలు గీసి గోడకు అతికించి ఉంటే, పళ్లెంలో ఆ ఇడ్లీ ఉండనిచ్చి ఉంటే సగం గొడవ తప్పేది. పండుగకు వచ్చే లోటేమిటి?

మొండి అన్నాక మాట తల్లిమీదికే పోతుంది. "సెల్‌ఫోన్ ఇచ్చి చెడగొట్టింది" అంటారు. ఒకప్పుడు అమెరికాలో పేరున్న మనస్తత్వవేత్తలూ తల్లికి ప్రేమ చాలకే ఇలా అయిందన్నారు. ఆటిజం ఉన్న కొడుకును పెంచుకుంటున్న బెర్నార్డ్ రిమ్లాండ్ 1964లో పుస్తకం రాసి దాన్ని ఎండగట్టాడు. ఆ కబురు మన అరుగులదాకా ఇంకా రాలేదు.

నేను టపాసులు వద్దనడం లేదు. శివకాశి మా జిల్లాలోనే ఉంది, ఇక్కడ ఎన్ని ఇళ్లు ఆ మందు మీద బతుకుతున్నాయో నాకు తెలుసు. నేనడిగేది వేళ. 2018 అక్టోబరులో సుప్రీంకోర్టు దీపావళికి 2 గంటలే టపాసులన్నప్పుడు, తమిళనాడు ప్రభుత్వం వాటిని పొద్దున 6 నుంచి 7, సాయంత్రం 7 నుంచి 8గా పంచింది. కోర్టు ప్రధానంగా చూసింది గాలి కాలుష్యాన్ని. కానీ ఈ పిల్లలకు అంతకన్నా మేలు చేసే ఉత్తర్వు మరొకటి నాకు కనబడదు. మోతకు మొదలూ చివరా ఉంటే గడియారం చూపించి చెప్పొచ్చు, చెవులకు హెడ్‌ఫోన్ పెట్టొచ్చు, ఆ గంట లోపలి గదిలో గడిపి ఎనిమిదింటికి వాకిట్లోకి తేవచ్చు. వేళాపాళా లేని మోతకు ఏ తల్లి మాత్రం ఏం చెబుతుంది?

జరిగే పనేనా అంటారు. పక్కనున్న శివగంగ జిల్లాలో వేట్టంగుడి పక్షుల శరణాలయం ఉంది. దాన్ని ఆనుకున్న కొల్లుకుడిపట్టి జనం వలస వచ్చిన పక్షులు బెదురుతాయని దశాబ్దాలుగా దీపావళికి బాంబులే కాల్చరు. అటవీశాఖవాళ్లు వెళ్లి మిఠాయిలు పంచి వస్తారు. పత్రికల్లో ఆ వార్త చదివి మురిసిపోయేవాళ్లలో మనమూ ఉన్నాం. పక్షులకోసం బాంబులే మానుకున్న ఊరు అది. ఇక్కడ పిల్లవాడికోసం అడుగుతున్నది వేళ పాటించమని మాత్రమే.

గుడి తిరునాళ్లకు చందా ఎంత, దేవుడి సప్పరం ఏ వీధుల్లో తిరగాలి, మేళం ఎన్నింటికి ఆపాలి, అన్నీ నలుగురం కూర్చునే తేల్చుకుంటాం. దీపావళికి ముందు ఆదివారం అలాగే కూర్చుని, సరవెడులు వీధి చివరి ఖాళీ స్థలంలో అనీ, అలాంటి పిల్లవాడున్న ఇంటి ముందు మతాబులూ భూచక్రాలే అనీ అనుకోవచ్చు. వేళ దాటి కాల్చినవాడికి వీధి పెద్దలే వెళ్లి చెప్పాలి. ఆ పని తల్లికి వదిలేస్తే, వచ్చే ఏడు ఆమె గొడవపడదు. పండుగ ముందురోజే పిల్లవాణ్ణి తీసుకుని ఊరు దాటుతుంది.