జాన్ వేన్ చిత్రాలలో మేము మెచ్చినవి

ఈ సంవత్సరం విద్యార్థుల చలనచిత్ర ప్రదర్శనకు జాన్ వేన్ నటించిన కౌబాయ్ చిత్రాలలో మంచివాటిని ఎంపిక చేయవలసిందిగా విద్యార్థి మిత్రులు మమ్ములను కోరారు. మేము కొన్ని పేర్లు వ్రాసి యిచ్చాము. ఆ పట్టికను చూచిన కళాశాల పెద్దలొకరు, “ఈ నటుడు అన్న మాటలు మీకు తెలియవా? ఇటువంటి వాని చిత్రాలు మన పిల్లలకెందుకు?” అని అడిగారు. ప్రశ్న న్యాయమైనదే. వరండాలో నిలబడి రెండు మాటలలో చెప్పగల జవాబు కానందున, ఈ పత్రికాముఖంగా విన్నవించుకొంటున్నాము.

ముందుగా ఆ మాటల సంగతి. 1971లో ఒక పత్రికకిచ్చిన ఇంటర్వ్యూలో వేన్, నల్లజాతివారు చదువుకొని బాధ్యత నేర్చుకొనేంతవరకు తెల్లవారి ఆధిక్యమే సరియైనదన్నాడు. అమెరికా ఆదివాసుల నుండి భూమిని తీసుకోవడంలో తప్పేమీ కనబడలేదన్నాడు. 2019లో ఆ మాటలు మళ్ళీ ప్రచారంలోకి వచ్చాయి. మరుసటి సంవత్సరం కాలిఫోర్నియాలోని ఆరెంజ్ కౌంటీ డెమోక్రటిక్ పార్టీవారు, అక్కడి విమానాశ్రయానికి ఉన్న ఆయన పేరును తొలగించాలని తీర్మానించారు. ఆ కాలం అటువంటిది అని కొందరు సర్దిచెబుతారు. మేము అంగీకరించము. 1971 నాటికి మార్టిన్ లూథర్ కింగ్ హతుడై మూడేళ్ళు గడిచాయి. తెలుసుకోదలచిన వారికి తెలియకుండా ఉండే కాలం కాదది. పైగా, చదువు వచ్చేదాకా హక్కులు ఆగవలెనన్న వాదం ఉపాధ్యాయవృత్తిలో ఉన్న మాకు ముల్లువలె గ్రుచ్చుకొన్నది. చదువుకు అడ్డుపడినవారే చదువు లేదని నిందించడం ఏ న్యాయం?

విచిత్రమేమంటే, ఆ మాటకు జవాబు ఆయన నటించిన చిత్రమే తొమ్మిదేళ్ళ ముందు చెప్పి ఉంచింది. జాన్ ఫోర్డ్ దర్శకత్వంలో 1962లో వెలువడిన ‘ది మ్యాన్ హూ షాట్ లిబర్టీ వాలెన్స్’ మా పట్టికలో మొదటిది. షిన్‌బోన్ అనే చిన్న పట్టణానికి న్యాయశాస్త్రం చదివిన స్టాడర్డ్ వస్తాడు. ఈ పాత్ర జేమ్స్ స్టువర్ట్‌ది. తుపాకీ తప్ప మరో చట్టం ఎరుగని ఆ ఊరిలో అతడు బడి పెడతాడు. ఆ బడిలో మెక్సికన్ పిల్లలున్నారు, పెద్దవారున్నారు, టామ్ దోనిఫన్ వద్ద పనిచేసే నల్లవాడు పాంపే ఉన్నాడు. పాంపేను లేపి స్వాతంత్ర్య ప్రకటన గురించి అడిగితే, అతడు ఆరంభవాక్యం అందుకొని, మనుష్యులందరు సమానంగా సృష్టింపబడ్డారనే మాట దగ్గరకు వచ్చి ఆగిపోతాడు, మరచిపోయానంటాడు. ఫరవాలేదు, ఆ భాగాన్ని మరచిపోయేవారు చాలామందే ఉన్నారని గురువు నెమ్మదిగా అంటాడు. ఇంతలో దోనిఫన్ లోపలికి వచ్చి, ఇక పనిలోకి పొమ్మని పాంపేను పంపివేస్తాడు. చదువే శాంతిభద్రతలకు మూలమని నల్లబల్లపై వ్రాసి ఉన్న వాక్యాన్ని చివరకు గురువే తుడిచివేస్తాడు.

ఆ దోనిఫన్ ఎవరు? జాన్ వేనే! మరికొంతసేపటికి, మద్యం దుకాణంలో పాంపేకు పోయనన్న వానిని, పోసి తీరవలెనని గద్దించేవాడూ అతడే. తోటివానిపై అభిమానమున్నది, అతడు చదువుకోవలెనన్న తలపు మాత్రం లేదు. ఇంటి పనివారిని ప్రేమగా చూచుకొంటున్నామని చెప్పుకొనే మనలో ఎందరి కథ ఇది? దుర్మార్గుడైన లిబర్టీ వాలెన్స్‌ను చీకటిలో నుండి కాల్చి ఊరిని రక్షించినవాడు దోనిఫన్. కీర్తి దక్కినది స్టాడర్డ్‌కు. అతడు సెనేటరై తిరిగివచ్చేనాటికి దోనిఫన్ మామూలు చెక్కపెట్టెలో ఉన్నాడు; కాళ్ళ బూట్లు సైతం తీసివేశారు. స్టాడర్డ్ నిజం చెప్పినా పత్రికా సంపాదకుడు దానిని అచ్చువేయడు, వ్రాసుకొన్న కాగితాలు చింపివేస్తాడు. పత్రికలు చదివే ప్రతి విద్యార్థి చూడవలసిన ఘట్టమిది.

రెండవది ‘ది సెర్చర్స్’. ఇదీ ఫోర్డ్ తీసినదే, 1956 నాటిది. పెద్దలకు అధికంగా అభ్యంతరం కలిగినది దీనిపైననే. మాకు అన్నిటికంటె ప్రియమైనదీ ఇదే. ఈథన్ ఎడ్వర్డ్స్ అన్న కుటుంబాన్ని కమాంచీలు చంపి, పసిపిల్ల డెబ్బీని ఎత్తుకొనిపోతారు. ఈథన్ ఏళ్ళ తరబడి ఆమెకొరకు వెదకుతాడు. మొదట మనం అతని పక్షాన ఉంటాము. క్రమంగా తెలియవస్తుంది: అతడు వెదకుతున్నది రక్షించడానికి కాదు, చంపడానికి. శత్రువుల ఇంట పెరిగిన పిల్ల ఇక మన పిల్ల కాదన్నది అతని తీర్మానం. చెరోకీ రక్తం కొంత ఉన్నదన్న ఒక్క కారణంగా, వెంట వచ్చిన మార్టిన్‌ను కూడా ఎత్తిపొడుస్తూ ఉంటాడు. దారిలో ఒక కమాంచీ శవానికి కన్నులు లేకుండా కాలుస్తాడు. కన్నులు లేనివాని ఆత్మకు శాంతి లేదు, గాలిలో తిరుగుతూనే ఉంటుందని వారి విశ్వాసమట. డెబ్బీని ఎత్తుకొనిపోయిన స్కార్‌ను చూస్తే అతడూ తెల్లవారి చేతిలో ఇద్దరు కొడుకులను పోగొట్టుకొన్నవాడే. ఎదురెదురుగా నిలబడిన ఆ ఇరువురిలో ఎవరు ఎవరికి అద్దమో చెప్పడం కష్టం.

చివరకు డెబ్బీ చేతికి చిక్కుతుంది. చిన్ననాడు ఎత్తినట్లే ఆమెను పైకెత్తి, గుండెకు చేర్చుకొని, ఇంటికి తీసుకొనివస్తాడు. అందరు లోపలికి పోతారు. అతడొక్కడే గుమ్మం వెలుపల నిలబడి, ఎడమ చేతితో కుడి మోచేయి పట్టుకొని, వెనుదిరిగి నడుస్తాడు. తలుపు మూసుకొంటుంది. శవానికి విధించిన శిక్షే తనకూ పడినది. ద్వేషించేవాడు ఎంత ధీరుడైనా అతనికి ఇంట్లో చోటు ఉండదన్న సంగతిని, కోట్లమంది ఆరాధించే కథానాయకుని ముఖంలోనే చూపడానికి ఎంత సాహసం కావలెను! ఈ చిత్రానికి ఒక్క ఆస్కార్ ప్రతిపాదన కూడ రాలేదు. 2008లో అమెరికన్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ దీనినే కౌబాయ్ చిత్రాలలో మేటిగా ప్రకటించింది.

దోషాలు లేవని మేమనడం లేదు. స్కార్ పాత్రను జర్మనీలో పుట్టిన హెన్రీ బ్రాండన్‌కు ఇచ్చి, నవాహో తెగవారిని వెనుక నిలబెట్టారు. లుక్ అనే ఆదివాసి స్త్రీని మార్టిన్ కాలితో తన్నగా ఆమె గట్టు మీదినుండి దొర్లిపోతే, దర్శకుడు మనలను నవ్వమన్నాడు. మాకు నవ్వు రాలేదు. ఆ స్త్రీయే తర్వాత సైనికుల దాడికి బలియై కనిపించినప్పుడు, ముందు నవ్వినవారు ఏమైపోతారో!

తక్కినవాటిని గురించి క్లుప్తంగా చెబుతాము. 1939 నాటి ‘స్టేజ్‌కోచ్’ ఆయనను తారను చేసినది, చూడదగినది, అంతే. 1948లో హోవర్డ్ హాక్స్ తీసిన ‘రెడ్ రివర్’లో, పెంచిన కొడుకే తిరగబడేంత కఠినుడైన పశువుల యజమానిగా వేన్ అద్భుతం; ముగింపు మాత్రం తేలిపోయినది. 1969 నాటి ‘ట్రూ గ్రిట్’కు ఆయనకు ఆస్కార్ దక్కినది. అది ఒక పాత్రకు కాక, నలభై ఏళ్ళ సేవకు ఇచ్చిన శాలువా అని మా అభిప్రాయం. వియత్నాం యుద్ధాన్ని పొగడిన ‘ది గ్రీన్ బెరేస్’ను పట్టికలో చేర్చలేదు. అందులో ఆయన మాటకు ఎదురు చెప్పే కథ లేదు. మన తెలుగువారికి కౌబాయ్ అనగానే 1971లో వచ్చిన ‘మోసగాళ్ళకు మోసగాడు’, కృష్ణగారు గుర్తుకు వస్తారు గాని, ఆ చిత్రానికి చుట్టరికం ఇటలీ చిత్రాలతోనే, వేన్‌తో కాదు.

ఆఖరి చిత్రం ‘ది షూటిస్ట్’ 1976 నాటిది. 1964లోనే క్యాన్సర్ వలన ఒక ఊపిరితిత్తిని పోగొట్టుకొన్న నటుడు, అందులో క్యాన్సర్‌తో చావుకు సిద్ధపడుతున్న తుపాకీవీరుడు. మూడేళ్ళకు ఆ రోగంతోనే మరణించాడు. చిత్రాంతంలో, తనను ఆరాధించే కుర్రవాడు తుపాకీని విసరివేస్తే చూచి, తల ఆడించి కన్నుమూస్తాడు.

మా మనవి ఇది. మొదట ‘లిబర్టీ వాలెన్స్’, మరునాడు ‘ది సెర్చర్స్’, వీలుంటే ‘ది షూటిస్ట్’ ప్రదర్శింపనీయండి. 1971 నాటి ఇంటర్వ్యూలోని ఆ భాగాలను మేము తెలుగులోకి అనువదించి ఉంచాము. మా ఉర్దూ శాఖ మిత్రులు ఉర్దూలోకి మార్చుతామన్నారు. లోపలికి వచ్చే ప్రతి విద్యార్థికి ఆ ప్రతిని ద్వారం వద్దనే ఇద్దాము. ప్రశ్నించిన పెద్దలు దయచేసి మొదటి వరుసలో కూర్చుండి, ప్రదర్శన తర్వాత అరగంట చర్చకు తామే అధ్యక్షత వహించవలెనని ప్రార్థిస్తున్నాము.