పట్టుకునే చెయ్యి ఏది?

బిడ్డకు కొత్త జిమ్నాస్టిక్స్ హాలు వెతకబోయి నేను మళ్లా నా కులం కాడికే వచ్చి పడ్డ. ఈ మాట అంటే నాతోటి పనిజేసే సార్లకు కోపమొస్తది. "అన్నిట్ల కులమేనా మేడమ్?" అంటరు. అన్నిట్ల మేం పెట్టలేదు సార్. పెట్టినోళ్లు పెట్టి మరిచిపోయిన్రు. మాకు మరుపు రాదు, అంతే తేడా.

నేను ప్రైవేటు బడి పంతులమ్మను. మాదిగ పుట్టుక. మా అత్తగారి ఊరు మల్లన్నసాగర్ కింద మునిగింది. 2021ల అందర్నీ గజ్వేల్ కాడి కాలనీకి తెచ్చిన్రు. కొత్త కాలనీల మాదిగవాడ అనే బోర్డు లేదు, ప్లాట్ నంబర్లున్నయి. అయినా కొత్తగ ఎవరెదురైనా మా అత్తను మొదలు అడిగేది నంబర్ కాదు, "ఏ వాడోళ్లు?" అనే. మామ పోయినంక ఆమె ఒక్కతే అయింది. పోయిన ఎండకాలం మేం పట్నం ఇడిచి ఆమె కాడికి వచ్చినం. సామాన్లతో పాటు తొమ్మిదేండ్లు నిండని బిడ్డ మూడేండ్ల సాధన కూడా తీసుకొచ్చినం. దాన్ని ఎక్కడ దించాలో తెల్వలేదు.

గజ్వేల్ల జిమ్నాస్టిక్స్ ఎక్కడ నేర్పుతరని అడిగితే కండలు పెంచే జిమ్ములు చూపించిన్రు. ఒకాయన కరాటేల ఏయమన్నడు, ఇంకొకామె డ్యాన్సుల ఏయమన్నది. మా దూరపు చుట్టమైతే మొకమ్మీదనే అన్నడు, "దొమ్మరోళ్ల ఆట నేర్పుతవా ఆడిపిల్లకు?" అని. నేను ఇంకో మాట అడిగిన. దొమ్మరి పిల్ల గడ కొన మీద పొట్ట ఆనిచ్చి తిరిగితే మీరు చిల్లర ఏసిన్రు. అదే పని చాపల మీద, గాజుతలుపుల వెనుక చేస్తే ఫీజు కడుతున్రు. ఆట ఒకటే కదా, మరి మారిందేంది? తోలు సంగతి కూడా ఇట్లనే. మా తాత తోలు ఊనితే మైల. 2001ల బల్ల వచ్చేదాంక వాల్ట్ అంటే తోలు తొడిగిన గుర్రమే. దాని మీద దుంకితే క్రీడ!

తెలియని వారి కోసం కొంచెం చెప్పాలి. ఆడపిల్లల ఆర్టిస్టిక్ జిమ్నాస్టిక్స్‌లో నాలుగు పరికరాలు: వాల్ట్, ఎచ్చుతగ్గుల బార్లు, బీమ్, ఫ్లోర్. బీమ్ ఐదు మీటర్ల పొడుగు, నాలుగడుగుల ఎత్తు. వెడల్పు పది సెంటీమీటర్లు, నా అరచెయ్యి కన్నా కొంచెం ఎక్కువ. దాని మీద పిల్ల వెనకకు వంగి చేతులానిచ్చి కాళ్లు మీదికెత్తాలె. ఇది చూసి నేర్చుకునేది కాదు, చదివి నేర్చుకునేది అసలే కాదు. కోచ్ ఒక చెయ్యి నడుము కింద, ఇంకొక చెయ్యి తొడ కింద పెట్టి తిప్పుతడు. స్పాటింగ్ అంటరు. వందలసార్లు తిప్పినంక రెండు చేతులు ఒకటైతయి, ఒకటి రెండు వేళ్లయితయి, ఆ వేళ్లూ పోతయి. అప్పుడు పిల్ల ఒక్కతే తిరుగుతది. లెక్కకు పరికరాలు నాలుగే గని, అన్నిట్ల కన్నా ముందటిది ఆ చెయ్యి.

ముట్టుకోకుండ నేర్పలేని ఆట ఇది. ముట్టుకుంటే మైలపడతరని ఊరవతల ఉంచిన జాతి మాది. మరి మేం దేన్ని చూసి హాలు ఎంచుకోవాలె? ఫోమ్ గుంట చూసా? ఏసీ చూసా?

పట్నం పొలిమేరల ఒక ప్రైవేటు హాలుకు పోయినం. అన్నీ ఉన్నయి. స్ప్రింగుల ఫ్లోరు, ఫోమ్ ముక్కలు నింపిన గుంట, మెత్తటి చాపలు. ఫీజు నా జీతంల సగం. మూడు దినాలు చూసి చేర్చుకుంటమన్నరు. మొదటి దినం కోచ్ మంచిగనే పట్టుకొని చేయించిండు. రెండో దినం ఫారం ఇచ్చిన్రు. ఇంటిపేరు రాసిన. పిల్ల ఏం తింటదని ఇంకో గడి. అన్నం, పప్పు, గుడ్డు, పెద్దకూర అని రాసిన. అబద్ధమెందుకు? బలమైన తిండే కదా వాళ్లడిగేది! రాసింది ఆయన రెండుసార్లు చదివిండు.

మూడో దినం మిగతా పిల్లల్ని ఆయన పట్టుకున్నడు. నా బిడ్డ వంతు రాంగనే పదమూడేండ్ల పిల్లను పిలిచి "నువ్వు పట్టు" అన్నడు. ఆ పిల్లకు ఏం తెలుస్తది? నా బిడ్డ బీమ్ మీదికెల్లి పక్కకు పడ్డది. చాప ఉన్నది కాబట్టి ఏం కాలే. "పడితేనే ధైర్యమొస్తది" అన్నడాయన. కావచ్చు. ఆయన అలిసిపోయి ఉండచ్చు, నడుము నొస్తుండచ్చు. ఇసొంటి సాకులు ఎదుటోళ్ల తరఫున వెతికివ్వడం నాకు చిన్నప్పటి సంది అలవాటే.

రుజువేది అంటరు. పెట్టిన చెయ్యికి గుర్తుంటది, పెట్టని చెయ్యికి ఏం గుర్తుంటది? 1989 అత్యాచారాల నిరోధక చట్టం చేతిల పట్టుకొని ఏ ఠాణాకు పోవాలె? "నా బిడ్డ నడుము కింద చెయ్యి పెట్టలేదు" అని ఫిర్యాదు రాస్తే రాసుకునే రైటర్ నవ్వుతడు.

ఇంకొక మాట ఉన్నది. మా ఆడోళ్లను ముట్టుకోనీకి దొరల చేతులకు ఏనాడూ కులం అడ్డం రాలేదు. దాహమైనప్పుడు చెంబు అందియ్యనీకి అడ్డమొచ్చింది, పడిపోతుంటే పట్టుకోనీకి అడ్డమొచ్చింది. అందుకే నేను రెండు తీర్ల భయపడ్డ. చెయ్యి ఉండాలె, అది ఎసొంటి చెయ్యో అమ్మ కండ్లకు కనపడాలె. తల్లిదండ్రుల్ని తలుపు బయటనే ఆపే హాలైతే ఒలింపిక్ పతకమిస్తమన్నా నాకొద్దు.

మెరిట్ సంగతి చెప్పేటోళ్లు దీపా కర్మాకర్‌ని చూపిస్తరు. 2016 రియోలో నాలుగో స్థానం, కాంస్యం 0.150 పాయింట్లతో తప్పింది. అగర్తలలో పాత స్కూటర్ విడిభాగాలతో చేసిన వాల్ట్ మీద మొదలుపెట్టింది. నిజమే, ఆమెకు దండం. కానీ ఆమె తండ్రి వెయిట్‌లిఫ్టింగ్ కోచ్. చేయిపట్టి నేర్పిన నందీ సారు చివరిదాకా కూడా ఉన్నడు. మన బుద్ధా అరుణారెడ్డి లాల్‌బహదూర్ స్టేడియం నుంచి పోయి 2018లో మెల్‌బోర్న్ ప్రపంచకప్‌లో వాల్ట్ కాంస్యం తెచ్చింది. గురుకులం పిల్లలు మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ 2014లో ఎవరెస్ట్ ఎక్కిన్రు. అక్కడ కూడా తాడు పట్టుకునేటోళ్లున్నరు. ఎవ్వరూ పట్టుకోకుండ మీదికెక్కిన మనిషిని నాకు ఒక్కర్ని చూపించున్రి!

మా ఉద్యమపు అన్నలకు కూడా ఈ ముచ్చట నచ్చలేదు. "బువ్వకు, భూమికి కొట్లాడే కాలంల గంతులెందుకక్కా?" అన్నడొకాయన. ఆయన కొడుకు క్రికెట్ కోచింగుకు పోతడు, అది వేరే. అన్నా, మా ఒళ్లు మోతకు, కోతకు, పాకీ పనికి మాత్రమే వంగాలె అన్నది ఎవరి మాట? నా బిడ్డ ఒళ్లు దాని సంబురానికి వంగితే అది మన పోరాటంల ఎందుకు రాదు?

చివరికి పట్నంలనే ఒక సర్కారు హాలు దొరికింది. గుంట లేదు, చాపలకు అక్కడక్కడ అతుకులున్నయి. నేర్పేది ఆడమనిషి. మేం గోడ పక్కన నిలబడంగనే పేరడగకుండనే బిడ్డను పిలిచింది. చేతులకు చాక్‌పొడి రాసుకొని, నడుము కింద చెయ్యి పెట్టి మూడుసార్లు తిప్పింది. తరువాత అడిగింది పేరు. బిడ్డ చెప్పింది. ఇంటిపేరు అడగలేదు. నేను గోడకానుకొని నిలబడ్డ, మాట రాలే.

వారానికి మూడుసార్లు పోతున్నం. ప్రజ్ఞాపూర్‌ల బస్సెక్కి, శామీర్‌పేట మీదికెల్లి జేబీఎస్‌ల దిగి, అక్కడ ఇంకో బస్సు. పోనూ రానూ నూరు కిలోమీటర్లు దాటుతది. దారిల హకీంపేట క్రీడా పాఠశాల గేటు వస్తది. అక్కడ నాలుగో తరగతిల చేర్చుకుంటరు. ఉరుకుడు, దుంకుడు పరీక్షలు పెడతరు. చదువు, తిండి, ఆట, అన్నీ సర్కారు ఖర్చే. వచ్చే ఏడు రాపిద్దామంటడు మా ఆయన. హాస్టల్ల పెరిగిన దాన్ని నేను, రాత్రుళ్లు గుర్తొస్తయి. ఇంకా తేల్చుకోలే. బస్సు గేటు దాటినప్పుడల్లా బిడ్డ మాత్రం అటే చూస్తది.

పోని దినాల కోసం వడ్లాయనతోని పది సెంటీమీటర్ల దూలం చెక్కించి ఇంటి ముందట నేల మీద పరిచినం. మొన్న రాత్రి ఇంటికొచ్చేసరికి తొమ్మిదిన్నర. మా అత్త బిడ్డ అంగీ ఇప్పుతూ నడుము కాడ తెల్లటి వేళ్ల అచ్చులు చూసింది.

"గా మేడమ్ ఎవలే?" అన్నది.

"నేనడగలే అత్తమ్మా" అన్న.

ఆమె ఏం అనలే. అంగీని బక్కెట్ల ఏయలే, దండెం మీద ఏసింది.