మందకు కుక్కను తెచ్చుకొనుటకు ముందు

గార్ల ప్రాంతమున గొఱ్ఱెలు పెంచు సభ్యులలో కొందఱు ఫోనులలో సీమకుక్కలు మంద తోలుట చూచి, అట్టి చిన్న కుక్క నొకదానిని తెచ్చుకొన్నచో కాపరి కూలి మిగులునా యని అడుగుచున్నారు. మా యభిప్రాయ మిది: ముందుగా పనిని నిర్ణయించి, పిమ్మట కుక్కను వెదకవలెను. పని తెలియక తెచ్చిన కుక్క మందకు కాపు గాదు, చేటు.

కుక్క మందకు చేయు పనులు రెండు: తోలుట, కాచుట. వేల్సు దేశపు కార్గీ తోలు కుక్క. దాని యెత్తు పది పండ్రెండు అంగుళములు మాత్రమే. ఆవుల మడమలను కొఱికి నడిపించుటకై దానిని పెంచిరి. పొట్టిది గనుక ఆవు తన్నినను ఆ తన్ను దాని తలమీదుగా పోవును. షెట్లాండు దీవుల గొఱ్ఱెకుక్కయు నట్టిదే. అయితే ఈ విద్య జాతితో సగమే వచ్చును; తక్కిన సగము యజమాని నెలల తరబడి ఓపికతో నేర్పవలెను. పని లేక పెరటిలో కట్టివేసిన తోలు కుక్క కోళ్ళను తఱుమును, దూడల మడమలు పట్టును, పరుగెత్తు పసిపిల్లల కాళ్ళనైనను విడువదు.

ఈ కుక్కలకు చలిదేశమునకు తగిన రెండు పొరల బొచ్చు కలదు. మన వేసవి నలువది డిగ్రీలు దాటును. ఆ యెండలో దానిని చేల వెంట త్రిప్పుట హింసయే. పల్లేరుకాయలు, పిడుదులు ఆ బొచ్చులో చేరినచో దినదినము దువ్వి తీయవలెను. ఇంకొక యపాయము కలదు. గొఱ్ఱెల పురుగులకు మనము వాడు ఐవర్మెక్టిన్ మందు, కోలీ, షెట్లాండు జాతులలో పెక్కింటికి పుట్టుకతో వచ్చిన లోపముచేత మెదడున కెక్కును. గొఱ్ఱెల కుద్దేశించిన మోతాదు అట్టి కుక్క ప్రాణము తీయగలదు.

మన కవసరమైన పని యేది? పగలు మిరప, ప్రత్తి చేలలో పడకుండ మందను మళ్ళించుటకు కాపరి కేక, కఱ్ఱ చాలుచున్నవి. భయము రాత్రిది. ఎరువుకొఱకు మన పొలములో గొల్లలు, కురుమలు మందను పెట్టినప్పుడు, దొంగ గాని మృగము గాని వచ్చిన మొఱిగి లేపు కుక్కయే కావలెను. ఆ పనికి పొట్టిబొచ్చు నాటుకుక్క చాలును. అది మన యెండ కోర్చును, మన సంకటి తినును.

“ఊరకుక్కలే గొఱ్ఱెలను చంపుచున్నవి గదా” యని కొందఱు అడుగవచ్చును. నిజమే. అవి పోషణ లేక గుంపు గట్టి వేటాడు కుక్కలు. మందలో పనిచేయు తల్లికి పుట్టిన పిల్లను, పాలు మఱచిన వెంటనే గొఱ్ఱెల నడుమ పెంచినచో అది మందను తన వారిగా నెంచును. ఆఱునెలల వయసు దాటిన పిమ్మట తెచ్చిన దానికి ఆ మచ్చిక కుదురుట కష్టము.

ఏ జాతిదైనను, రెండు జాగ్రత్తలు తప్పవు. మొదటిది, చచ్చిన గొఱ్ఱె తలను, ఊపిరితిత్తులను, కాలేయమును కుక్కకు పచ్చిగా వేయరాదు. వానిలోని తిత్తులనుండి కుక్క కడుపులో బద్దెపురుగులు పెరుగును; వాని గ్రుడ్లు కుక్క మలముతో గడ్డిమీద పడును; ఆ గడ్డి మేసిన గొఱ్ఱె మెదడులో తిత్తి పుట్టి, అది ఒకే వైపునకు గిరగిర తిరిగి చచ్చును. మఱియొక జాతి బద్దెపురుగు గ్రుడ్లు చేతులకంటి మనుష్యుల నోట బడినచో కాలేయమున నీటితిత్తులు కలుగును. కావున ఆ భాగములను లోతుగా పూడ్చవలెను. పశువైద్యుడు చెప్పిన గడువున కుక్కకు పురుగుల మందు త్రాగింపవలెను.

రెండవది, పిచ్చికుక్క రోగపు టీకా. పిల్లకు మూడు నెలల వయసున వేయించి, పిమ్మట ఏటేట మరల వేయింపవలెను. ఈ రోగము పైకి కనబడిన పిదప మనుష్యునకు మందు లేదు. కుక్క కఱచినచో కారము, సున్నము, ఆకుపసరు పూయక, సబ్బుతో పదునైదు నిమిషములు పాఱు నీట కడిగి, ఆ దినమే ఆసుపత్రికి పోవలెను. పాస్చరు పండితుడు 1885 జూలై 6న ఒక బాలునకు మొదటి టీకా వేసెను. ఏటేట ఆ తేదీన మన పశువైద్యశాలలలో కుక్కలకు ఉచితముగా టీకాలు వేయుదురు.

ఒక్క యిల్లు టీకా వేయించి పదియిండ్లు మానినచో ఊరికి రక్షణ లేదు. ఇది సహకార సంఘమునకు తగిన పని. ప్రతి గ్రామ సంఘమును తన యూరి మందకుక్కల లెక్క వ్రాసికొని, ఆ దినమున అన్నింటిని ఒక్కచోట చేర్పవలెను. సీమకుక్క కొఱకు దాచిన సొమ్ములో కొంత ఈ పనికి వెచ్చించినను మందయు, పిల్లలును క్షేమముగ నుందురు.